డోర్‌బెల్ మీద ఇంటిపేరు (హాలే నుంచి – 2)



నేను జర్మనీలోని హాలే ఊరికి వచ్చి ఇవాళ్టికి ఐదు వారాలు. "ఫొటోలు పెట్టవేం అక్కా", "అక్కడ ఏమేం చూశారు మేడమ్" అని చాలామంది ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు. ఫొటోలున్నాయి, పెడతాను. దానికంటే ముందు మా ఇంటి గుమ్మం పక్కనున్న నాలుగంగుళాల రేకుముక్క గురించి చెప్పాలి.

గది తాళాలు ఇచ్చిన రోజు ఇంటావిడ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీ ఇంటిపేరు ఎలా రాస్తారు? ఒక్కో అక్షరం చెప్పండి."

ఆ మాట వినగానే నా కడుపులో ఏదో కదిలింది. ఎందుకో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆ టౌన్లో అద్దె ఇంటికోసం నేనూ అమ్మా పదకొండు గడపలు ఎక్కి దిగాం. మొదటి ప్రశ్న ఉద్యోగం. రెండోది ఊరు. మూడోది ఇంటిపేరు. అది చెప్పాక కూడా తేలకపోతే "ఇంతకీ మీరేమిట్లండీ?" ఆ తర్వాత ఇంట్లో బోర్ మోటారు పాడైందనో, మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడనో చెప్పేవాళ్ళు. పన్నెండో గడప మా పేటలోనే దొరికింది.

అందుకే ఈవిడ అడిగినప్పుడు నోరు పెగల్లేదు. పెళ్ళయ్యాక కూడా నేను పుట్టింటి ఇంటిపేరే ఉంచుకున్నదాన్ని. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే జిల్లా పేరుతో కలిపి చూసి మీలో సగం మంది మా గూడెం దాకా వెళ్ళిపోతారు. ఒక్కో అక్షరం చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకుంది. సాయంత్రానికి మా తాత ఇంటిపేరు అచ్చక్షరాల్లో బెల్ పక్కన, ఉత్తరాల డబ్బా మీద ఎక్కింది.

తర్వాత తెలిసింది, ఈ దేశంలో అది మర్యాద కోసం చేసే పని కాదు, అవసరం. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. ఫ్లాట్ నంబర్లు ఉండవు, పేర్లే ఉంటాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా మునిసిపల్ ఆఫీసుకెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ కాగితం ఉంటేనే బ్యాంకు ఖాతా, మిగతావన్నీ. అక్కడ గుమస్తా నన్ను "ఫ్రావు" అని, వెనకాల ఇంటిపేరు తగిలించి పిలిచాడు. ఇక్కడ పరిచయం లేనివాళ్ళని ఇంటిపేరుతో పిలవడమే గౌరవం. ఆ హాల్లో కూర్చుని మా తాతను తలుచుకున్నాను. ఆయన పేరు పుల్లయ్య. మా ఊళ్ళో ఆసాముల పిల్లలు కూడా ఆయన్ని "ఒరే పుల్లిగా" అనేవాళ్ళు. చివరి "అయ్య" మా గూడెంలోనే బతికింది. ఇంటిపేరైతే ఆయన్ని ఎవరూ ఎప్పుడూ గౌరవంగా పిలవలేదు. ఎవరి పిల్లనో, ఎవరి పాలేరో తెలుసుకోడానికి మాత్రమే అడిగారు.

ఇంకొక చిన్న సంగతి. సూపర్ మార్కెట్లో మాంసం ప్యాకెట్ మీద ఏ జంతువుదో అచ్చువేసి ఉంటుంది. మన దగ్గర "పెద్దకూర" అని గొంతు తగ్గించి అనే దానికి ఇక్కడ సొంత పేరుంది. అరకిలో కొన్నాను. వెనకనున్న ముసలావిడ నా బుట్టలోకి కూడా చూడలేదు. ఆ ఆదివారం కూర ఉడుకుతుంటే కిటికీ తీసే వండాను.

ఇక ఊరు. హాలే జర్మనీ తూర్పు భాగంలో, జాలె నది ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఉప్పు వండి బతికిన ఊరు. సంగీతకారుడు హాండెల్ 1685లో ఇక్కడే పుట్టాడు. మార్కెట్ కూడలి మధ్యలో ఆయన విగ్రహం. పక్కనున్న పెద్ద చర్చిలో మార్టిన్ లూథర్ ముఖం అచ్చు ఉంది. 1546లో ఆయన చనిపోయాక శవాన్ని విట్టెన్‌బర్గ్‌కు తీసుకెళ్తూ ఇక్కడ ఆపారు. ఇవన్నీ టూరిస్టులు చూసేవి, నేనూ చూశాను. కానీ తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ చేసినదాన్ని, ఈ ఊరికి వచ్చిన కారణం వేరే.

తెలుగులో తొలిసారి అచ్చయిన పుస్తకాలు మద్రాసులో అచ్చు కాలేదు, బందరులో కాలేదు. ఈ ఊళ్ళో అచ్చయ్యాయి, 1746, 1747 సంవత్సరాల్లో. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో వచ్చింది, అంటే దానికి వందేళ్ళకు పైగా ముందు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1719లో తరంగంబాడికి వెళ్ళి, తర్వాత మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చుకుని, 1743లో తిరిగొచ్చి ఇక్కడ అచ్చు వేయించాడు. అంతకు ముందే, 1728లో, ఆయన లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. అది రాతప్రతిగానే ఉండిపోయి 1984లో ఈ ఊళ్ళోనే అచ్చయింది.

షుల్జ్‌ను మన దేశానికి పంపినవాళ్ళ కేంద్రం ఇక్కడి ఫ్రాంకె సంస్థలు. వాటి కథ బాగుంటుంది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టర్‌కు 1695లో పేదల కోసం పెట్టిన చందాల డబ్బాలో 4 టాలర్ల 16 గ్రోషెన్లు దొరికాయట. ఆ సొమ్ముతో పేదపిల్లలకు బడి మొదలుపెట్టాడు. 1698లో అనాథాశ్రమానికి పునాది వేశాడు. తర్వాత ముద్రణాలయం, పుస్తకాల దుకాణం, మందుల తయారీ, అన్నీ ఒకే ఆవరణలో వచ్చాయి. ఆశ్రమం అటక మీద వింతవస్తువుల గది ఉంది. మొసలి బొమ్మ, తాటాకులు, మన దేశం నుంచి వచ్చిన సామాన్లు. 1728లో కట్టిన లైబ్రరీ ఇంకా అలాగే ఉంది. రంగస్థలం మీద తెరల్లాగా బీరువాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి.

షుల్జ్ పుస్తకాల్లో ఒకదాని పేరును మన ముద్రణ చరిత్రకారులు "మోక్షానికి కొంచు పొయ్యే దోవ" అని నమోదు చేశారు. ఆ పేరు మీరు మళ్ళీ ఒకసారి చదవండి. "మోక్షప్రాప్తి మార్గము" అనలేదు. "దోవ" అన్నాడు. మా అమ్మ "దోవన పోతా పోతా" అంటుందే, ఆ దోవ. ఎమ్మే క్లాసులో నేను "దోవ" అంటే "దారి అనాలి" అని దిద్దిన మేష్టారు గుర్తొచ్చారు. తెలుగు అచ్చుయంత్రం ఎక్కిన మొదటి రోజున మా అమ్మ మాట దాని మీద ఉంది.

ఇక్కడ నాకొక ఇబ్బంది. ఆ పుస్తకాలకు నిలిచిన పేరు షుల్జ్‌ది. "కొంచు పొయ్యే", "దోవ" అనే మాటలు ఆయన జర్మనీ నుంచి మోసుకెళ్ళలేదు కదా. మద్రాసు వీధుల్లో ఎవరో అన్నారు, ఆయన విన్నాడు. నేను పాఠం చెప్పేటప్పుడు తొలి ముద్రణ, తొలి వ్యాకరణం, తొలి నిఘంటువు అని దొరల పేర్లు వరసగా రాయిస్తాను. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నలు అవి. ఆ మాటల యజమానులు ఏ ప్రశ్నలోనూ రారు.

కొందరి పేర్లు మాత్రం ఈ మిషన్ కాగితాల్లో మిగిలాయి. తరంగంబాడి నుంచి మిషనరీలు రాసిన నివేదికలను 1710 నుంచి ఇక్కడ అచ్చువేసేవాళ్ళు. ఆ చరిత్రలో నన్ను ఆపిన పేరు రాజనాయకన్. తంజావూరు రాజు సైన్యంలో పనిచేసినవాడు. పుట్టింది పరయ కులంలో. తరంగంబాడిలో అచ్చయిన తమిళ సువార్త పుస్తకం చేతికొస్తే చదివి, మిషన్‌లో చేరి, ఉపదేశకుడై, చుట్టుపక్కల ఊళ్ళలో ఏళ్ళ తరబడి బోధించాడు. అచ్చు పుస్తకం ఒక దళితుడి బతుకును మలుపు తిప్పడం మన దేశంలో ఎప్పుడు మొదలైందంటే నేను ఇకనుంచి ఈయన పేరే చెబుతాను.

1733లో మిషన్ మొట్టమొదటిసారి ఒక భారతీయుణ్ణి పాస్టర్‌గా అభిషేకించాలనుకుంది. రాజనాయకన్ పేరు కూడా ఆలోచనలోకి వచ్చింది. చివరికి వెల్లాల కులంలో పుట్టిన ఆరోన్‌ను ఎంచుకున్నారు. ఆరోన్ యోగ్యుడు కాదని నేననడం లేదు. పరయ చేతి ప్రభురాత్రి భోజనాన్ని శూద్ర క్రైస్తవులు ముట్టరన్న భయం రాజనాయకన్‌కు అడ్డొచ్చింది. తరంగంబాడి చర్చిలోనే ఈ రెండు గుంపులూ వేరువేరుగా కూర్చునేవి. రాజనాయకన్ 1771లో చనిపోయేదాకా ఉపదేశకుడిగానే ఉన్నాడు.

అంటే 4 టాలర్లతో పేదల బడి పెట్టిన చోటు నుంచి వెళ్ళినవాళ్ళు, తమ ఊళ్ళో అనాథలను ఒక బల్ల మీద కూర్చోబెట్టినవాళ్ళు, సముద్రం దాటాక మన కులం గోడ దగ్గర ఆగిపోయారు. ఇది దాచాల్సిన సంగతి కాదు. మాది ప్రకాశం జిల్లా. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల. అందరికీ తెలిసిన పేరు జాన్ క్లౌ. కానీ అంతకు పన్నెండేళ్ళ ముందే, 1866లో, భార్య నాగమ్మతో కలిసి ఆ దోవ తొక్కి, పల్లెపల్లె తిరిగి మనవాళ్ళతో మాట్లాడింది ఎర్రగుంటల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. మిషన్లు బడులు ఇచ్చాయి, మా అమ్మమ్మ ఆ బడిలోనే అక్షరాలు దిద్దింది. ఆ రుణం ఒప్పుకుంటూనే, రాజనాయకన్‌కు జరిగింది కూడా చెప్పాలి.

షుల్జ్ పుస్తకాలు అచ్చవుతున్న ఆ కాలంలోనే ఈ ఊరి వీధుల్లో ఇంకొక మనిషి పేరు నలిగింది. విశ్వవిద్యాలయం దగ్గర ఒక ఆఫ్రికన్ జంట కంచు విగ్రహం ఉంది. 1965లో పెట్టారు. దాని దగ్గరున్న ఫలకం ఆంటోన్ విల్‌హెల్మ్ ఆమో గురించి చెబుతుంది. ఇప్పటి ఘానాలో పుట్టినవాడు. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఐరోపాకు తీసుకొచ్చి ఒక జర్మన్ ప్రభువుకు కానుకగా ఇచ్చారు. 1708లో బాప్తిస్మమిచ్చి ప్రభువుల పేర్లే పెట్టారు, ఆంటోన్ అని, విల్‌హెల్మ్ అని. 1727లో హాలే విశ్వవిద్యాలయంలో చేరాడు. 1729లో ఐరోపాలో నల్లవాళ్ళ హక్కుల గురించి వాదన చేశాడు. ఆ రచన ప్రతి మనకు మిగల్లేదు. 1734లో విట్టెన్‌బర్గ్‌లో తత్వశాస్త్ర రచన సమర్పించాడు, తిరిగొచ్చి ఇక్కడే పాఠాలు చెప్పాడు. ప్రభువులిచ్చిన రెండు పేర్ల వెనకాల తన "ఆమో" వదల్లేదు. దాని పక్కన "ఆఫ్రికావాడు" అని లాటిన్‌లో చేర్చుకున్నాడు. 1747లో ఆయన్ని ఎగతాళి చేస్తూ పద్యాలు అచ్చయ్యాయి. దాదాపు ఆ సమయంలోనే ఆయన ఐరోపా వదిలి ఆఫ్రికాకు వెళ్ళిపోయాడు.

అందుకే ఈ ఊరిని మీకు స్వర్గంలా చూపించలేను. నడిచే దోవలోనే ఇంకా ఉన్నాయి. ఇళ్ళ ముందు పేవ్‌మెంట్‌లో అరచేయంత ఇత్తడి పలకలు దిగ్గొట్టి ఉంటాయి. వాటిని ష్టోల్పర్‌ష్టైన్ అంటారు, కాలికి తగిలే రాళ్ళు అని. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టాడు. ఐరోపా అంతటా కలిపి 2023లో లక్షవ రాయి పడింది. ఒక్కో రాయి మీద "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఎక్కడికి పట్టుకెళ్ళారో, ఎప్పుడు చంపారో ఉంటుంది. చదవాలంటే తల వంచాలి. హిట్లర్ ప్రభుత్వం 1938లో ఒక ఉత్తర్వు తెచ్చింది. పేరు చూడగానే యూదులని తెలియనివాళ్ళంతా 1939 జనవరి నుంచి మగవాళ్ళయితే "ఇజ్రాయెల్", ఆడవాళ్ళయితే "సారా" అనే మాట తమ పేరుకు చేర్చుకోవాలి. పేరు వినగానే మనిషిని పోల్చుకోవాలని ఒక ప్రభుత్వం చట్టం చేయాల్సొచ్చింది. మన దగ్గర ఆ పని ఏ చట్టమూ లేకుండా ఊరే చేసింది.

ఇదంతా పాత కథ కూడా కాదు. 2019 అక్టోబర్ 9న, యూదుల పెద్ద పండగరోజు, ఒకడు తుపాకులతో ఈ ఊరి సినగాగ్ మీదికి వచ్చాడు. లోపల యాభై మందికి పైగా ఉన్నారు. చెక్క తలుపు పగల్లేదు. వాడు బయట ఒక మహిళను, దగ్గర్లోని కబాబ్ దుకాణంలో ఒక కుర్రాణ్ణి చంపాడు. ఆ తలుపును ఇప్పుడు ఆవరణలో స్మారకంగా నిలబెట్టారు. నేను ఆ గోడ బయట కాసేపు నిలబడి వచ్చాను. తలుపు ఎవరికోసం తెరుచుకోవాలి, ఎవరిని ఆపాలి అనేది ఆ ఊరి వాళ్ళకు ప్రాణం మీదికొచ్చి తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి.

మూడోవారంలో ఒక తమ్ముడు పరిచయమయ్యాడు. గుంటూరు వైపు కుర్రాడు, మాస్టర్స్ చదువుతున్నాడు. నా వ్యాసాలు చదువుతాడట. హాలే-నాయ్‌ష్టాట్‌లో ఉంటాడు. 1964 నుంచి రసాయన ఫ్యాక్టరీల కార్మికుల కోసం తూర్పు జర్మనీ ప్రభుత్వం కట్టిన బహుళ అంతస్తుల కాలనీ అది. గుమ్మం దగ్గర బెల్ బోర్డు చూస్తే మా గూడెం ఓటర్ల జాబితా అంత ఉంటుంది. వాళ్ళ ఫ్లాట్ బెల్ మీద మూడు తెలుగు ఇంటిపేర్లున్నాయి. లోపల నలుగురు ఉంటున్నారు.

"నీదేదిరా?" అన్నాను.

నవ్వాడు. "పెట్టలేదక్కా."

హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు పోస్టులో వచ్చి, డబ్బా మీద పేరు లేక వెనక్కి పోయిందట. బ్యాంకు పిన్ నంబరుదీ అదే కథ. "మరి పెట్టొచ్చు కదా" అంటే నడుస్తూ నడుస్తూ చెప్పాడు. గది చూడ్డానికొచ్చిన రోజు మిగతా ముగ్గురూ ఊరడిగారు, ఇంటిపేరడిగారు. అన్ని కులాల్లోనూ వినిపించే ఒక ఇంటిపేరు చెప్పేశాడు. వాళ్ళు తమకు నచ్చిన కులం అనుకున్నారు. అప్పట్నుంచి వంట కలిసి, సినిమా కలిసి. రిజర్వేషన్ల మీద జోకులు కూడా కలిసే వినాలి. "అసలు పేరు డబ్బా మీద పెడితే మొత్తం తెలిసిపోద్దక్కా. వచ్చే ఏడాది దాకా ఇంకో గది దొరకదు." తర్వాత మెల్లగా, "నా ఉత్తరాలు మీ అడ్రస్‌కి తెప్పించుకోనా?" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకు గుర్తొచ్చే ఉంటుంది. 1917. బరోడా. కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి తిరిగొచ్చిన ఇరవయ్యారేళ్ళ బాబాసాహెబ్‌కు ఉద్యోగం ఉంది, ఉండడానికి గది లేదు. పార్సీల సత్రంలో రిజిస్టర్ మీద పార్సీ పేరు రాసుకుని దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి గెంటేశారు. ఇద్దరు స్నేహితుల్ని ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరిళ్ళలోనూ చోటు లేదు. ఈ సంగతులన్నీ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నారు. విదేశాల్లో ఉన్న ఏళ్ళలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని కూడా అందులో చెప్పారు. తర్వాత 1921లో ఇదే జర్మనీలో, బాన్ విశ్వవిద్యాలయంలో, ఆయన విద్యార్థిగా పేరు నమోదు చేయించుకున్నారు. అంబేడ్కర్ అనే తన పేరుతోనే. ఇక్కడ దాచాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

ఈ తమ్ముడికి జర్మనీలో ఆ అవసరం వచ్చింది. జర్మన్ల వల్ల మాత్రం కాదు. ఇంటావిడకీ, గుమస్తాకీ, పోస్టుమాన్‌కీ వాడి ఇంటిపేరు ఉత్త అక్షరాలు. ఆ అక్షరాల్ని కులంగా చదవగలిగే ముగ్గురు అదే ఫ్లాట్‌లో ఉన్నారు. బరోడా సత్రం ఆరువేల కిలోమీటర్లు ప్రయాణం చేసి నాయ్‌ష్టాట్‌ అపార్ట్‌మెంట్‌లో దిగింది. సూట్‌కేసులో ఆవకాయతో పాటు వచ్చింది.

పొద్దున్నే ఇంటావిడను అడిగి, మా డబ్బా మీద నా పేరు కింద వాడి ఇంటిపేరు అంటించాను. తొమ్మిది రోజులకు కార్డు వచ్చింది. తీసుకోడానికి వచ్చినవాడు డబ్బా ముందు ఆగి ఒక ఫొటో తీసుకున్నాడు. ఎవరికి పంపావని నేనడగలేదు.

నాయ్‌ష్టాట్‌లో బెల్ మీద ఇప్పటికీ మూడు పేర్లే. "ధైర్యంగా పెట్టెయ్" అని చెప్పడం నాకు తేలిక. నాకు ఒంటరి గది ఉంది, ఉద్యోగం ఉంది. వాడికి ఇంకా రెండు సెమిస్టర్లు ఆ వంటింట్లో అన్నం తినాలి. ఎప్పుడు పెట్టాలో వాడే తేల్చుకుంటాడు. దాచుకున్నందుకు వాణ్ణి తప్పుపట్టేవాళ్ళు ముందు బాబాసాహెబ్‌ను తప్పుపట్టాలి.

నేను మాట్లాడాలనుకుంటున్నది మిగతా ముగ్గురితో. మీలో చాలామంది ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. కొత్తగా గదిలోకొచ్చిన వాణ్ణి వంట వచ్చా అని అడగండి, అద్దె ఎప్పుడిస్తావని అడగండి. ఊరూ, ఇంటిపేరూ కలిపి లెక్కలు కట్టే ఆ మూడో ప్రశ్న దగ్గర ఒక్కసారి ఆగండి. ఆపలేకపోతే ఎందుకు ఆపలేకపోతున్నారో మిమ్మల్ని మీరే అడుక్కోండి.

ఈ దేశం వస్తున్న మన పిల్లలకు ఒక మాట. డబ్బా మీద పేరు లేకపోతే ఇక్కడ ఉత్తరం రాదు. పేరు పెట్టుకునే చోటు లేకపోతే నాకు రాయండి. హాలేలో ఉన్నన్నాళ్ళూ మా డబ్బా మీద ఇంకో రెండు పేర్లకు చోటుంది.

వచ్చే భాగంలో రాజనాయకన్ గురించి ఇంకొంచెం వివరంగా రాస్తాను.

జై భీమ్.